జిప్సీ గేర్‌బాక్స్ దించి క్లచ్ మార్చడం: మొదటి బోల్టు నుంచి కేబుల్ సర్దుబాటు దాకా

మారుతీ జిప్సీకి క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాల్సిందే. అడ్డదారి లేదు. అయినా ఫోర్‌బైఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే) బండ్లలో ఈ పని ఇంటి దగ్గర చేసుకోవడానికి వీలైనది ఏదంటే నేను జిప్సీ పేరే చెప్తాను. మహీంద్రా థార్ లాంటి బండ్లలో ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ నుంచి వచ్చే బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె) గేర్‌బాక్స్ వెనకాలే అతుక్కుని ఉంటుంది. రెండూ ఒకే దిమ్మగా కిందికి దిగాలి. దాన్ని జాకీ మీద నిలబెట్టడానికే ఇద్దరు మనుషులు కావాలి. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేస్ విడిగా, సొంత రబ్బరు మౌంటింగుల మీద ఛాసిస్‌కి వేలాడుతూ ఉంటుంది. గేర్‌బాక్స్‌కీ దానికీ మధ్య ఉన్నది ఒక పొట్టి షాఫ్ట్ మాత్రమే. ఆ షాఫ్ట్ తీసేస్తే గేర్‌బాక్స్ ఒక్కటే దిగుతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్, దాని లివరు, దానికి తగిలించిన స్పీడోమీటర్ కేబులు ఎక్కడివక్కడే ఉంటాయి.

జిప్సీ 1985 డిసెంబరులో 970 సీసీ ఇంజిన్‌తో, నాలుగు గేర్లతో వచ్చింది. 1996లో 1.3 లీటర్ల ఇంజిన్, ఐదు గేర్లతో జిప్సీ కింగ్ వచ్చింది. 2000లో ఆ ఇంజిన్‌కే ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు పెట్రోల్‌ని నాజిళ్లతో చిమ్మే పద్ధతి) పెట్టారు. ఇక్కడ చెప్పేది 1.3 లీటర్ల బండి గురించి. పాత 970 సీసీ బండికీ పని వరస ఇదే, కాకపోతే సామాన్లు వేరు. ఆర్మీ వేలంలో కొన్న బండి అయితే ఇంకో చిక్కుంది. మీ కంటే ముందు దాని గేర్‌బాక్స్‌ని ఎందరు దించారో, ఏ బోల్టు స్థానంలో ఏది బిగించారో చెప్పలేం. అలాంటి బండికి అదనంగా ఒక పూట కేటాయించుకోండి.

ఒక మాట ముందే చెప్పాలి. గేర్‌బాక్స్ దించడం కష్టం కాదు. మళ్లీ ఎక్కించేటప్పుడు ఆఖరి అంగుళం దగ్గరే అసలు పని. క్లచ్ కొత్తది వేశాక కూడా బండి వణుకుతోందన్నా, గేర్లు కరకరమంటున్నాయన్నా చాలాసార్లు కారణం ఆ అంగుళం దగ్గరే దొరుకుతుంది. అందుకే అక్కడ ఎక్కువ సేపు ఆగుతాను.

అసలు క్లచ్చేనా?

గేర్‌బాక్స్ మీద చెయ్యి వేసే ముందు కేబులు చూడండి. జిప్సీ క్లచ్ కేబులుతో నడిచేది, హైడ్రాలిక్ కాదు. ప్లేటు అరిగేకొద్దీ కేబులు బిర్రుగా అవుతూ వస్తుంది. పెడల్‌కి ఆట (బరువు తగలకముందు ఖాళీగా కదిలే దూరం) పూర్తిగా పోతే, మీరు కాలు తీసేసినా రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ని విడదీసేది) ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటుని ఇంజిన్ వెనక తిరిగే బరువు చక్రం, ఫ్లైవీల్‌కి అదిమి పట్టేది) మీద ఆనుకునే ఉంటుంది, క్లచ్ జారుతుంది. పెడల్‌ని చేత్తో నొక్కితే 20 నుంచి 30 మిల్లీమీటర్ల దాకా తేలిగ్గా దిగాలి, ఆ తర్వాతే బరువు తగలాలి. ఆట లేకపోతే గేర్‌బాక్స్ వైపు కేబులు చివర ఉన్న నట్టు సడలించి ఒకసారి నడిపి చూడండి. దీంతోనే పని తీరిపోయిన బండ్లు చాలా ఉంటాయి.

సర్దుబాటు అయ్యాక కూడా నాలుగో గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ మోత పెరిగి బండి వేగం పెరగకపోతే ప్లేటు అయిపోయినట్టే. పరీక్ష సులభం. ట్రాన్స్‌ఫర్ లివరు టూ-హైలో (వెనక చక్రాలకే బలం వెళ్లే స్థానం) పెట్టి, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, నాలుగో గేరు వేసి, కొంచెం యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్ వదలండి. ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూ ఉంటే క్లచ్ జారుతోంది. ఒక్కసారి చూస్తే చాలు, పదేపదే చేస్తే ఉన్న ప్లేటు కూడా మాడుతుంది.

శబ్దం బట్టి కూడా కొంత తెలుస్తుంది. న్యూట్రల్‌లో పెడల్ నొక్కగానే గీర్‌మని మొదలైతే రిలీజ్ బేరింగ్. పెడల్ వదిలినప్పుడు వినిపించి, నొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజిన్ వైపు నుంచి బలం అందుకునే షాఫ్ట్) బేరింగ్. ఈ రెండోది ముందే తెలిస్తే మంచిది, గేర్‌బాక్స్ కింద ఉన్నప్పుడే బేరింగ్ పని కూడా చేయించుకోవచ్చు.

ఏమేం కావాలి

క్లచ్ సెట్ అంటే మూడు: క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్. ప్లేటు ఒక్కటే మార్చి మిగతావి పాతవే వేయడం పొదుపు కాదు, గేర్‌బాక్స్‌ని మళ్లీ దించడానికి ముహూర్తం పెట్టుకోవడం. వీటితో పాటు ఫ్లైవీల్ మధ్యలో కూర్చునే పైలట్ బేరింగ్, గేర్‌బాక్స్ ముందు సీలు, వెనక సీలు, ఇంజిన్ వెనక ఆయిల్ సీలు కూడా తెచ్చుకోండి. సీళ్లకి అయ్యే ఖర్చు మిగతా వాటి ముందు లెక్కలోకి రాదు. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో కొనేటప్పుడు "జిప్సీ క్లచ్" అని అడగొద్దు. ఛాసిస్ నంబరు, ఇంజిన్ రకం చెప్పి అడగండి. వీలైతే పాత ప్లేటు చేత్తో పట్టుకెళ్లి స్ప్లైన్ల (షాఫ్ట్ మీదా, ప్లేటు మధ్యలోనూ ఉండే పొడవాటి గాట్ల) లెక్క, వ్యాసం పోల్చుకుని తెచ్చుకోండి. ముందు గేర్‌బాక్స్ దించి, తర్వాత సామాను కొనడం ఈ పనికి మంచి పద్ధతి. బండి రెండు రోజులు కదలదు, అంతే.

పనిముట్లలో 10, 12, 14, 17 నంబర్ల పానాలు, సాకెట్లు, అర అడుగువి రెండు మూడు ఎక్స్‌టెన్షన్లు, ఒక యూనివర్సల్ జాయింటు, టార్క్ రెంచి (బిగింపు బలం కొలిచే పానా), ట్రాలీ జాకీ, ఇంకో మామూలు జాకీ, నాలుగు యాక్సిల్ స్టాండ్లు, చెక్క దిమ్మలు కావాలి. స్టాండ్ల బదులు ఇటుకలు పెట్టొద్దు. ఇటుక చెప్పి విరగదు. ఎంత కుదురుగా పేర్చినా అది మనిషి తలకి పైన పెట్టే వస్తువు కాదు.

బండి లేపడం

గచ్చు నేల మీదే చేయండి. మట్టి నేల అయితే స్టాండ్ల కింద మందపాటి పలకలు వేయండి. లివరు టూ-హైలో పెట్టి, ముందు చక్రాల హబ్బులు ఫ్రీ చేసి (చక్రాలకీ యాక్సిల్‌కీ లంకె విప్పి), బండిని కొంచెం ముందుకీ వెనక్కీ కదపండి. ఫోర్ వీల్‌లో తారు రోడ్డు మీద తిప్పిన బండికి షాఫ్టుల్లో మెలి పట్టి ఉంటుంది, అలా కదిపితే ఆ బిగువు వదులుతుంది. అది వదలకుండా షాఫ్ట్ బోల్టులు విప్పబోతే అవి కదలవు. కదిలినా షాఫ్ట్ ఒక్కసారి తిరిగి వేళ్ల మీద కొడుతుంది.

స్టాండ్లు ఛాసిస్ పట్టాల కింద పెట్టండి. ఎత్తు విషయంలో జనం తప్పుగా లెక్క వేసేది ఒకటుంది. గేర్‌బాక్స్ దిగడానికి చోటుంటే సరిపోదు. దిగాక, జాకీతో సహా బండి కింద నుంచి బయటికి లాగడానికి కూడా చోటుండాలి. గేర్‌బాక్స్ ఎత్తు, దించిన జాకీ ఎత్తు కలిపి చూసుకుని లేపండి.

గేరులో ఉంది కదా, బండి కదలదు అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. మధ్య షాఫ్ట్ తీసిన మరుక్షణం గేర్‌బాక్స్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది. చక్రాలు నేల మీద ఆని ఉంటే హ్యాండ్‌బ్రేక్, చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు, ఈ రెండే దిక్కు. స్టాండ్ల మీద పెట్టాక బండిని చేత్తో గట్టిగా ఊపి చూడండి. అప్పుడు ఊగని బండి కిందికే దూరండి.

లోపల, పైన

ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. స్టార్టర్ మోటారు మీద ఉన్న మందపాటి తీగ నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది. పానా దానికీ బాడీకీ తగిలితే వచ్చే నిప్పు చిన్నది కాదు.

క్యాబిన్‌లో గేరు లివరు రబ్బరు బూటు పైకి తీయండి. కింద ఇంకో బూటు ఉంటుంది, దాని కింద లివరు కూర్చునే గిన్నె. కొన్ని బండ్లలో మూడు బోల్టులు విప్పితే లివరు వస్తుంది. కొన్నిటిలో పైన ఉన్న టోపీని కిందికి నొక్కి ఎడమకి తిప్పాలి. లివరు పైకి లాగేశాక ఆ రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కండి. కింద పని చేస్తుండగా పై నుంచి ఇసుక, కార్పెట్ దుమ్ము, ఒక్కోసారి వాషరు కూడా లోపల పడతాయి. పక్కనున్న ట్రాన్స్‌ఫర్ లివరు ముట్టుకోనక్కర్లేదు.

బానెట్ తెరిచి ఫ్యాన్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూసి గుర్తుంచుకోండి. కార్బురేటర్ ఇంజిన్ అయితే డిస్ట్రిబ్యూటర్ ఇంజిన్ వెనక చివర, ఫైర్‌వాల్‌కి దగ్గరగా ఉంటుంది. గేర్‌బాక్స్ లేనప్పుడు ఇంజిన్ వెనక్కి వాలితే ముందుగా నలిగేది డిస్ట్రిబ్యూటర్ క్యాపే.

బండి కింద

నూనె తీసే ముందు నింపే ప్లగ్గు వదులవుతుందో లేదో చూడండి. ముందు అది, తర్వాతే కింది డ్రెయిన్ ప్లగ్గు. నూనె అంతా తీసేశాక నింపే ప్లగ్గు రాదని తెలిస్తే పరిస్థితి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నూనె వేడిగా ఉన్నప్పుడు తీస్తే మడ్డితో సహా వస్తుంది. ప్లగ్గు అయస్కాంతానికి మెత్తని బూడిద రంగు పేస్టు అంటుకోవడం మామూలే. చిప్పల్లాంటి ముక్కలుంటే మాత్రం లోపల గేరు పళ్లు పోతున్నట్టు, పని ఇంకా పెరిగింది.

ఇప్పుడు షాఫ్టులు. ఫ్లాంజ్‌కీ (షాఫ్ట్ చివర బోల్టులు పట్టే పళ్లెం) దాని జోడీకీ అడ్డంగా తెల్ల పెయింటుతో గీత గీయండి. మళ్లీ అదే గీత కలిసేలా బిగిస్తే బ్యాలెన్స్ మారదు. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ మధ్యనున్న పొట్టి షాఫ్ట్‌కి ట్రాన్స్‌ఫర్ వైపు నాలుగు బోల్టులు, 12 నంబర్ పానా. బోల్టు విప్పేటప్పుడు షాఫ్ట్ కూడా తిరిగితే ఇందాక పనికిరాదన్న గేరు ఇప్పుడు పనికొస్తుంది. లివరు తీయక ముందే గేరులో పెట్టి ఉంచితే షాఫ్ట్ నిలబడుతుంది. మరిచిపోతే జాయింట్ క్రాస్ సందులో గట్టి స్క్రూడ్రైవర్ పెట్టి ఆపండి. నాలుగూ వచ్చాక షాఫ్ట్‌ని వెనక్కి లాగండి. గేర్‌బాక్స్ వైపు అది స్ప్లైన్ల మీద జారేదే, బోల్టులుండవు. అది బయటికి రాగానే మిగిలిన నూనె కారుతుంది, కింద రేకు పెట్టి, ఆ నోటికి ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి.

ముందు చక్రాలకి వెళ్లే షాఫ్ట్‌ని కూడా ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు విప్పి పక్కకి తీగతో కట్టేయమంటాను. అది తీయకుండా దించేవాళ్లు ఉన్నారు. అయితే జాకీ తిప్పుకోడానికి ఆ చోటు అమూల్యం, పోయేది నాలుగు బోల్టుల సమయమే. షాఫ్ట్‌ని మాత్రం ఒక చివర నుంచి వేలాడదీయొద్దు, రెండో చివరనున్న క్రాస్ బేరింగుల మీద బరువు పడుతుంది.

సైలెన్సర్ పైపు గేర్‌బాక్స్ దారికి అడ్డంగా వస్తే దాని జాయింటు విప్పాలి. ఆ బోల్టులు తుప్పుతో కలిసిపోయి ఉంటాయి. ముందు రోజు రాత్రే డబ్ల్యూడీ-40 (తుప్పు వదిలించే స్ప్రే) కొట్టి వదిలేయండి. ఆ తర్వాత క్లచ్ కేబులు నట్టు విప్పి ఆర్మ్ నుంచి తీయండి. తీసే ముందు మర ఎంత బయటికి ఉందో కొలిచి రాసుకోండి. రివర్స్ లైటు స్విచ్ వైరు ప్లగ్గు, ఎర్త్ పట్టీ ఉంటే అది, స్టార్టర్ రెండు బోల్టులు. స్టార్టర్‌ని తీగ మీద వేలాడనివ్వకుండా కట్టి ఉంచండి.

బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్ ముందు క్లచ్‌ని కప్పే గంట ఆకారపు భాగం) కింద ఒక పలుచని రేకు మూత ఉంటుంది. చిన్న బోల్టులే. రేగడి పొలాల్లో, వాగుల్లో తిరిగిన బండి అయితే అది తీయగానే ఎండిన మట్టి పెళ్లలు రాలతాయి. ఆ మట్టి ఎంత పైదాకా ఉందో చూడండి. ఫ్లైవీల్ పళ్ల దాకా వచ్చి ఉంటే ప్లేటు అంత త్వరగా ఎందుకు పోయిందో సగం అర్థమవుతుంది.

దించడం

ఇక్కడి నుంచి రెండో మనిషి ఉండాలి.

ఇంజిన్ సంపు (కింది నూనె తొట్టి) వెనక అంచు కింద చెక్క దిమ్మ పెట్టి మామూలు జాకీతో ఆనించండి. ఎత్తొద్దు, ఆనిస్తే చాలు. ట్రాలీ జాకీని గేర్‌బాక్స్ బరువు మధ్యలో పెట్టి, బెల్టుతోనో తాడుతోనో జాకీకి కట్టేయండి. ఇప్పుడు గేర్‌బాక్స్ వెనక మౌంటింగ్, అడ్డ దూలం బోల్టులు విప్పి తీసేయండి. మౌంటింగ్ రబ్బరు పగిలి ఉంటే ఇప్పుడే మార్చాలి. క్లచ్ వదిలేటప్పుడు బండి వణికే జబ్బుకి ప్లేటు కంటే ఈ రబ్బరే కారణమయ్యే సందర్భాలు తక్కువేం కాదు.

పైనున్న బెల్ హౌసింగ్ బోల్టులు నేరుగా అందవు. రెండు జాకీలనీ కొంచెం కొంచెంగా దించుతూ ఇంజిన్‌ని వెనక్కి వాల్చండి. రెండో మనిషి పైన నిలబడి ఫ్యాన్, డిస్ట్రిబ్యూటర్, రేడియేటర్ గొట్టాల మీదే కళ్లు పెట్టాలి. ట్రాన్స్‌ఫర్ కేస్ పక్క నుంచి, గేర్‌బాక్స్ పైగా మూడు ఎక్స్‌టెన్షన్లు కలిపి సాకెట్ పంపితే పై బోల్టులు చిక్కుతాయి. బోల్టులన్నీ ఒకే పొడవుండవు. అట్టముక్క మీద బెల్ హౌసింగ్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చండి. పొడవు బోల్టు పొట్టిదాని చోట బిగిస్తే అల్యూమినియం కేసింగ్ పగులుతుంది.

పక్కల రెండు బోల్టులు చివర్లో తీయండి. అన్నీ వచ్చినా గేర్‌బాక్స్ కదలకపోతే రెండు డోవెల్ పిన్నుల (ఇంజిన్, గేర్‌బాక్స్ ముఖాలని సరిగ్గా కలిపే మేకుల) దగ్గర తుప్పు పట్టుకుని ఉంటుంది. అతుకులో ఉలి పెట్టి కొట్టొద్దు. చుట్టూ చూస్తే చిన్న పొడుచుకొచ్చిన చోట్లు కనిపిస్తాయి, అక్కడ బార్ పెట్టి ఒకసారి అటు, ఒకసారి ఇటు మెల్లగా కదపండి. కొంచెం వెనక్కి రాగానే జాగ్రత్త మొదలు. ఇన్‌పుట్ షాఫ్ట్ ఇంకా ప్లేటు మధ్యలోనే ఉంది. ఈ దశలో జాకీ దించేస్తే గేర్‌బాక్స్ బరువంతా ఆ షాఫ్ట్ మీద, ప్లేటు హబ్ మీద వేలాడుతుంది. పాత ప్లేటు ఎలాగూ పోయేదే, షాఫ్ట్ మాత్రం మళ్లీ వేయాల్సినది. తిన్నగా వెనక్కి, పూర్తిగా బయటికి వచ్చాకే కిందికి.

తెరిచాక ఏం చూడాలి

బెల్ హౌసింగ్‌లో నల్లటి పొడి ఉంటుంది. కంప్రెసర్ గాలి కొట్టొద్దు. పాత ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే తిరిగి రాదు. మాస్కు పెట్టుకుని తడి గుడ్డతో తుడవండి.

ప్రెషర్ ప్లేటు బోల్టులు ఒక్కొక్కటి పూర్తిగా విప్పకుండా, ఎదురెదురుగా సగం మర చొప్పున వదులు చేస్తూ రండి. ఆఖర్లో ప్లేటు ఒక్కసారిగా కాలి మీద పడుతుంది, చెయ్యి పెట్టి ఉంచండి.

ఇప్పుడు పాత ప్లేటు చదవాలి. రివెట్ల తలలు లైనింగ్ (ప్లేటు మీదున్న రాపిడి పొర) పైభాగం నుంచి 0.5 మిల్లీమీటర్ కంటే తక్కువ లోతులో ఉంటే అది మామూలుగా అరిగి పోయింది. లైనింగ్ బాగా మిగిలి ఉండీ నల్లగా మెరుస్తుంటే వేడికి మాడింది. ఎత్తులు, ఇసుక ఎక్కించేటప్పుడు ఫోర్-లో (నాలుగు చక్రాలకీ తక్కువ వేగంతో ఎక్కువ బలం ఇచ్చే స్థానం) వాడకుండా క్లచ్ నొక్కిపట్టి నడిపే అలవాటు దాని వెనక ఉంటుంది. ప్లేటు జిడ్డుగా ఉంటే నూనె ఎక్కడిదో తేలకుండా ముందుకెళ్లొద్దు. వేలికి అద్ది వాసన చూడండి. గేరు నూనెకి గంధకం కలిసిన ఘాటైన వాసన వేరేగా తెలుస్తుంది. ఆ వాసనే అయితే గేర్‌బాక్స్ ముందు సీలు పోయింది. మామూలు ఇంజినాయిల్ వాసనై, ఫ్లైవీల్ వెనక తడి కనిపిస్తే ఇంజిన్ వెనక సీలు. ఈ సీలు మార్చాలంటే ఫ్లైవీల్ తీయాలి, తీసే ముందు క్రాంక్‌కీ ఫ్లైవీల్‌కీ గుర్తు పెట్టండి.

ఫ్లైవీల్ ముఖం మీద నీలం మచ్చలు, వెంట్రుకంత పగుళ్లు, వేలి గోరుకి తగిలే గీతలు ఉంటే ఫేసింగ్ (లేత్ మీద ముఖం చదును చేయడం) చేయించాలి. ఇమరీ పేపరుతో రుద్ది సరిపెట్టడం తేలికపాటి మెరుపుకే పనికొస్తుంది. పగులు లోతుగా ఉంటే ఫేసింగ్ కూడా వద్దు, వేరే ఫ్లైవీల్ చూసుకోండి.

పైలట్ బేరింగ్‌లో చిటికెన వేలు పెట్టి తిప్పండి. గరుకుగా తగిలినా, పొడిగా తిరిగినా మార్చేయండి. గేర్‌బాక్స్ వైపు ఇన్‌పుట్ షాఫ్ట్ పట్టుకుని పైకీ కిందికీ ఊపితే కాస్త ఆట ఉంటుంది, అది సహజం. టకటక కొడితే లోపలి బేరింగ్ సంగతి చూడాలి. రిలీజ్ షాఫ్ట్ బుష్షులు చాలామంది చూడకుండా వదిలేస్తారు. అవి అరిగితే కొత్త క్లచ్ వేసినా పెడల్ బరువుగానే ఉంటుంది. బయటి ఆర్మ్ తీయాల్సి వస్తే షాఫ్ట్ మీదా ఆర్మ్ మీదా ఉన్న చుక్క గుర్తులు చూసుకోండి, ఒక్క స్ప్లైను అటూ ఇటూ అయినా కేబులు సర్దుబాటుకి రాదు.

కొత్తది కూర్చోబెట్టడం

అన్నిటికంటే ముందు కొత్త ప్లేటుని ఇన్‌పుట్ షాఫ్ట్ మీదికి చేత్తో తోసి చూడండి. ఎక్కడా పట్టకుండా జారాలి. తప్పు ప్లేటు తెచ్చామని తెలుసుకోవడానికి ఇదే సరైన సమయం, గేర్‌బాక్స్ జాకీ మీద గాల్లో ఉన్నప్పుడు కాదు. స్ప్లైన్ల మీద గ్రీజు పలుచగా, తుడిచేసినట్టుగా రాయండి. ఎక్కువైతే తిరిగేటప్పుడు చిమ్మి కొత్త లైనింగ్ మీదే పడుతుంది. రిలీజ్ బేరింగ్‌ని పెట్రోల్‌తో కడగొద్దు, దాని గ్రీజు లోపలే నింపి మూసి ఉంటుంది.

ఫ్లైవీల్, కొత్త ప్రెషర్ ప్లేటు ముఖాలకి ఫ్యాక్టరీ నూనె పూత ఉంటుంది. బ్రేక్ క్లీనర్‌తో తుడవండి, ఆ తర్వాత వేళ్లు తగలనివ్వొద్దు. ప్లేటుకి స్ప్రింగులున్న ఉబ్బెత్తు వైపు గేర్‌బాక్స్ వైపుకి రావాలి. తిరగేసి పెడితే హబ్ ఫ్లైవీల్ బోల్టులకి తగులుతుంది, క్లచ్ విడవదు.

ప్లేటు సరిగ్గా నడిమధ్యలో కూర్చోవాలి. దీనికి అలైన్‌మెంట్ టూల్ దొరుకుతుంది. ఆటోనగర్ మేస్త్రీల దగ్గర పాత ఇన్‌పుట్ షాఫ్ట్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది, అంతకంటే మంచి టూల్ లేదు. ఏదీ లేకపోతే గుండ్రటి కర్రకి, పైలట్ బేరింగ్‌లో ఒక చివర, ప్లేటు హబ్‌లో ఇంకో చోట బిగుతుగా పట్టేలా టేపు చుట్టి వాడవచ్చు. టూల్ ఉండగానే ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా, రెండేసి మరల చొప్పున బిగించుకుంటూ రండి. చివరికి టార్క్ రెంచి 23 న్యూటన్ మీటర్ల దగ్గర పెట్టి ముగించండి. టూల్ తీసి మళ్లీ పెట్టి చూడండి. ఎటూ తగలకుండా జారితే ప్లేటు మధ్యలో ఉంది.

ఆఖరి అంగుళం

గేర్‌బాక్స్‌ని జాకీకి కట్టి, ఇంజిన్ ఎంత వాలి ఉందో అంతే వాలుగా పైకి లేపండి. ఇంజిన్ ముఖానికీ బెల్ హౌసింగ్ ముఖానికీ మధ్య సందు పైనా కిందా కుడి ఎడమల సమానంగా ఉండాలి. కంటితో చూసి సరిపోయిందనుకోకుండా, సందులో ఒకే మందం ఉన్న చెక్కముక్క నాలుగు చోట్లా పెట్టి చూడండి. చాలామంది గేర్‌బాక్స్‌ని గట్టిగా తోస్తారు. తోయాల్సిన పని లేదు, కోణం సరిచేయాలి.

ఇన్‌పుట్ షాఫ్ట్ ప్లేటు స్ప్లైన్లకి తగిలి ఆగుతుంది. గేర్‌బాక్స్‌ని గేరులో ఉంచి, వెనక నోట్లో పొట్టి షాఫ్ట్ తాత్కాలికంగా పెట్టి, మెల్లగా తిప్పుతూ ముందుకి నెట్టండి. స్ప్లైన్లు కలవగానే టక్కున కొంత దూరం లోపలికి వెళ్తుంది. ఇంకా ఒక అంగుళం సందు మిగులుతుంది. షాఫ్ట్ కొన పైలట్ బేరింగ్ నోటి దగ్గర ఆగిందన్నమాట. ఇక్కడే ఓపిక నశించి, "నాలుగు బోల్టులు పెట్టి లాగేద్దాం" అంటారు.

వద్దు. బోల్టులు నిజంగానే లాగుతాయి, అదే ప్రమాదం. పైలట్ బేరింగ్ పక్కకి ఒరుగుతుంది, ప్లేటు హబ్ వంగుతుంది, లేదా బెల్ హౌసింగ్ చెవి విరుగుతుంది. మొదటి రెండూ బయటికి కనిపించవు, బండి నడిపినప్పుడు వణుకుగా, విడవని క్లచ్‌గా బయటపడతాయి. దాని బదులు జాకీని వెంట్రుకవాసి పైకీ కిందికీ కదుపుతూ, వెనక భాగాన్ని రెండు చేతులతో పట్టి పక్కలకి ఊపుతూ ఉండండి. అవసరమైతే రెండో మనిషి ముందు పుల్లీ బోల్టుకి పానా పెట్టి ఇంజిన్‌ని కొద్దిగా తిప్పాలి. కోణం కుదిరిన క్షణాన గేర్‌బాక్స్ దానంతటదే జారి డోవెల్ పిన్నుల మీద కూర్చుంటుంది. ముఖాలు రెండూ చేతి బలానికే చుట్టూ కలిశాకే బోల్టులు పెట్టాలి. పది నిమిషాలైనా కుదరకపోతే వెనక్కి తీసి, ప్లేటు మధ్యలో ఉందో లేదో మళ్లీ చూడండి.

బోల్టులన్నీ ముందు చేత్తో మర పట్టించి, తర్వాతే పానా. అడ్డ దూలం, మౌంటింగ్ బిగించాకే జాకీలు తీయండి. ఆ తర్వాత విప్పిన వరసకి తలకిందులుగా స్టార్టర్, వైర్లు, సైలెన్సర్, కింది రేకు. పొట్టి షాఫ్ట్ లోపలికి పెట్టేటప్పుడు వెనక సీలు పెదవికి కొంచెం నూనె రాయండి. పెయింటు గీతలు కలిపి ఫ్లాంజ్ బోల్టులు 23 నుంచి 30 న్యూటన్ మీటర్లకి బిగించండి.

నూనె, కేబులు, మొదటి స్టార్టు

ఐదు గేర్ల పెట్టెకి 1.3 లీటర్ల దాకా పడుతుంది. బండి సమతలంగా ఉన్నప్పుడు నింపే రంధ్రం అంచు నుంచి కారేదాకా పోయడమే కొలత. 75డబ్ల్యూ-90 జీఎల్-4 నూనె వాడండి. జీఎల్-5 ఇంకా మంచిదని అంటగట్టబోతారు, అందులోని రసాయనాలు సింక్రోల (గేర్లు కరకరమనకుండా పడేలా చేసే రింగుల) ఇత్తడికి పడవు. ట్రాన్స్‌ఫర్ కేస్ నూనె వేరు, దాని ప్లగ్గులు వేరు. ఇందులో పోస్తే అందులోకి వెళ్లదు. షాఫ్టులు విప్పారు కాబట్టి దాని మట్టం కూడా ఒకసారి చూసేయండి.

కేబులు తగిలించి, క్లచ్ ఆర్మ్ దగ్గర 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఆట, పెడల్ దగ్గర 20 నుంచి 30 ఉండేలా నట్టు బిగించండి. పెడల్‌ని పదిసార్లు తొక్కి మళ్లీ కొలవండి, కొత్త సెట్ కూర్చునేటప్పుడు కొంచెం మారుతుంది.

మొదటి స్టార్టుకి జిప్సీ యజమానికి ఒక సౌకర్యం ఉంది. ట్రాన్స్‌ఫర్ లివరు న్యూట్రల్‌లో పెడితే బండి కదలకుండానే గేర్లన్నీ పరీక్షించవచ్చు. స్టాండ్లు తీసేసి, బండి నేల మీద ఉండగా, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ స్టార్టు చేసి ఒకటి నుంచి ఐదు దాకా, రివర్స్ కూడా వేసి వదిలి చూడండి. రివర్స్ కరకరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు, కేబులు ఒకట్రెండు మరలు బిగించండి. అప్పుడే టూ-హైలోకి వచ్చి రోడ్డెక్కండి.

మొదటి 500 కిలోమీటర్లు ట్రాలీ లాగడం, ఇసుకలో బండిని ఈడ్చడం పెట్టుకోవద్దు. ఊళ్లో ఆగుతూ సాగుతూ తిరగడమే కొత్త లైనింగ్‌కి మంచిది. వంద కిలోమీటర్లయ్యాక బండి కిందికి మరోసారి దూరి షాఫ్ట్ బోల్టులు, అడ్డ దూలం బోల్టులు పానా పెట్టి చూడండి. కింది రేకు అంచున చుక్క కనిపిస్తే వేలికి అద్ది వాసన చూడండి. రెండింటిలో ఏ సీలు సరిగ్గా కూర్చోలేదో అదే చెప్తుంది.